వీసా పదేళ్లది, ఉండేది ఎన్నాళ్లు?

పాఠకుల ప్రశ్నలకు 'అమెరికా అమ్మమ్మ' జవాబులు

పోయిన నెల ఈ పేజీలో విమానాశ్రయంలో వీల్‌చైర్ ఎలా అడగాలో రాశాను. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాల్లో వీల్‌చైర్ ఊసెత్తినవాళ్లు ముగ్గురే. మిగతావాళ్లంతా అడిగింది ఒకటే: "అక్కడ దిగాక ఎన్ని నెలలు ఇస్తారు? దేన్నిబట్టి ఇస్తారు?" నేను లాయర్ని కాను. భీమవరంలో ముప్పయ్యేళ్లు హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయినదాన్ని. 2009 నుంచి ఇప్పటికి ఐదుసార్లు న్యూజెర్సీలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లొచ్చాను. నియమం ఉన్నచోట నియమం చెబుతాను, నాకు జరిగింది నాకు జరిగినట్టే చెబుతాను. ఈ రెండూ వేరువేరని మాత్రం గుర్తుంచుకోండి.

ప్రశ్న: మా దంపతులకు అమెరికా సందర్శక వీసా (బీ1/బీ2) వచ్చింది. దానిమీద 2034 వరకు అని ఉంది. పదేళ్లూ ఎప్పుడైనా వెళ్లి ఎన్నాళ్లయినా ఉండొచ్చని ఏజెంటు అంటున్నాడు. ఆరు నెలలు దాటితే పట్టుకుంటారని మా పక్కింటాయన అంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి?
– ఒక పాఠకుడు, ఖమ్మం

అన్నయ్యగారూ, 'ఎప్పుడైనా వెళ్లొచ్చు' అన్నంతవరకే ఏజెంటు మాట నిజం. రెండో ముక్కలో పక్కింటాయనే నయం.

వీసా శుభలేఖ లాంటిది. దాన్ని పట్టుకుని గుమ్మం దాకా వెళ్లొచ్చు. అంతమాత్రాన పెళ్లివారింట్లో నెల రోజులు మకాం వేయం కదా. వీసామీద ఉన్న తేదీ ఆ గుమ్మం ముందు నిలబడటానికి ఆఖరు గడువు. లోపల ఎన్నాళ్లు ఉండాలన్నది విమానం దిగాక కౌంటర్లో కూర్చున్న సీబీపీ (అమెరికా సరిహద్దు, కస్టమ్స్ తనిఖీ శాఖ) ఆఫీసరు తేలుస్తాడు. ఆయన ఇచ్చిన తేదీ ఐ-94 అనే రికార్డులో పడుతుంది. మీకు లెక్క ఆ తేదీయే. విచిత్రం ఏమిటంటే, రేపు వీసా గడువు ముగుస్తుందనగా ఇవాళ దిగినవాళ్లకు కూడా ఆరు నెలలు ఇవ్వొచ్చు. అలాగే పదేళ్ల వీసా ఉన్న మనిషిని ఆరు నెలలకే పంపేయొచ్చు. రెండు తేదీలకూ సంబంధం లేదు.

2009లో మొదటిసారి వెళ్లినప్పుడు నాకూ ఈ తేడా తెలీదు. అప్పట్లో ఐ-94 అంటే తెల్ల కాయితం ముక్క. విమానంలోనే రాసి ఇస్తే, ఆఫీసరు ముద్ర వేసి, చేత్తో తేదీ రాసి, పాస్‌పోర్టులో పిన్ను కొట్టి ఇచ్చేవాడు. నేను ఆ పాస్‌పోర్టును పట్టుచీరల అడుగున భద్రంగా పెట్టేశాను. నాలుగో నెలలో మా అల్లుడు, "అత్తయ్యా, మీ డేట్ ఎప్పటిదాకా?" అంటే, "2019 దాకా బాబూ" అన్నాను ధీమాగా. ఆ అబ్బాయి ముఖంలో రంగు మారడం ఇప్పటికీ కళ్లకు కడుతుంది.

విమానాల్లో వచ్చేవాళ్లకు 2013లో ఆ కాయితం ఎత్తేశారు. ఇప్పుడు అంతా కంప్యూటర్లోనే. పాస్‌పోర్టుమీద ముద్ర వేయడం కూడా చాలాచోట్ల మానేస్తున్నారు. అందుకని ఇల్లు చేరిన రోజే, కాఫీ తాగి, పిల్లలచేత సీబీపీ వారి ఐ-94 వెబ్‌సైట్ తెరిపించండి. పాస్‌పోర్టు నంబరు, పుట్టినతేదీ కొడితే మీ రికార్డు వస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు. దాన్ని ప్రింటు తీసి వంటింట్లో క్యాలెండరు పక్కన అంటించమని నా సలహా.

ఆ తేదీని అమెరికా లెక్కలో చదవాలి సుమా. వాళ్లు నెల ముందు రాస్తారు, రోజు తర్వాత రాస్తారు. 2016లో మేము ఫిబ్రవరి 6న దిగాం. రికార్డులో 08/05/2016 అని కనిపించింది. నేను దాన్ని మే 8 అని చదివి, మూడు నెలలే ఇచ్చారని ఒకటే టెన్షన్. మావారు టికెట్ ముందుకు జరపడానికి ఫోన్ అందుకున్నారు. అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చి చూసి, "అమ్మా, అది ఆగస్టు 5" అంది. ముప్పయ్యేళ్లు లెక్కలు చెప్పిన మనిషిని నేను!

ప్రశ్న: మూడు నెలలకు రిటర్న్ టికెట్ కొన్నాం. అది చూసి మూడు నెలలే ఇస్తారా? కౌంటర్లో 'ఆరు నెలలు ఇవ్వండి' అని అడగమని మా అబ్బాయి అంటున్నాడు. అడగొచ్చా?
– ఒక పాఠకురాలు, తణుకు

అడగొద్దు తల్లీ. అడగాల్సిన అవసరం లేదు.

చాలామందికి తెలియని సంగతి ఒకటి వాళ్ల నిబంధనల్లోనే ఉంది. సరదాగా చూడ్డానికి వచ్చిన బీ2 సందర్శకుణ్ణి లోపలికి రానిస్తే, అతను తక్కువ అడిగినా సరే, కనీసం ఆరు నెలలు ఇవ్వాలి. తగ్గించాలంటే సరైన కారణం ఉండాలి, పై అధికారి అనుమతి ఉండాలి. గరిష్ఠంగా ఏడాది దాకా ఇవ్వొచ్చు గానీ, అలా ఇచ్చినవాళ్లను నేను చూడలేదు. సెప్టెంబరు 11 దాడుల తర్వాత, 2002లో, ఈ ఆరు నెలల కనీస గడువు తీసేయాలని అప్పటి ఇమ్మిగ్రేషన్ శాఖ ప్రతిపాదించింది. ఎన్నాళ్లు అవసరమో తేల్చలేకపోతే 30 రోజులే ఇస్తామన్నారు. అది అమల్లోకి రాలేదు. వచ్చుంటే మన అమ్మమ్మలూ నానమ్మలూ జెట్‌లాగ్ తీరేసరికి తిరుగు ప్రయాణం కట్టాల్సి వచ్చేది.

కాబట్టి కౌంటర్లో ఆయన నిజంగా తేల్చేది నెలల సంఖ్య కాదు, ఈ మనిషి తిరిగి వెళ్లే మనిషేనా అని. హైదరాబాద్ కాన్సులేట్‌లో వీసా తిరస్కరించినప్పుడు ఇచ్చే కాయితంమీద '214(బి)' అని ఉంటుంది, మీ బంధువుల్లో ఎవరో ఒకరు చూసే ఉంటారు. వచ్చే ప్రతివాడూ అక్కడే స్థిరపడిపోవడానికి వస్తున్నాడని ముందే అనుకుని, కాదని నిరూపించుకునే బాధ్యత మనమీద పెట్టే సెక్షన్ అది. వీసా ఇచ్చిన రోజుతో ఆ అనుమానం తీరిపోదు, కౌంటర్ దాకా మన వెంటే వస్తుంది. మీ మూడు నెలల టికెట్ ఆ అనుమానానికి మంచి జవాబు. ఎన్నాళ్లు ఉంటారంటే 'మూడు నెలలు' అనండి, ఎందుకంటే అదే నిజం. ఆయన ఆరు నెలలు రాస్తే రాయనివ్వండి. మూడు నెలల టికెట్ చేతిలో పెట్టుకుని ఆరు నెలలు అడిగితే మాత్రం, 'ఏం, ఎందుకు?' అని ఇంకో నాలుగు ప్రశ్నలు మీరే కొని తెచ్చుకున్నట్టు.

ఇంకో సంగతి. మన వీసామీద బీ1, బీ2 రెండూ కలిపి ఉంటాయి గానీ ఆఫీసరు మనల్ని ఏదో ఒకదానికిందే రాస్తాడు. బీ1 వ్యాపార పనులకు, బీ2 చుట్టపుచూపుకు. ఆరు నెలల కనీస గడువు చెప్పింది బీ2కే. మా వీధిలో ఒక డాక్టరుగారు, కొడుకుని చూడ్డానికి వెళ్తూ, గొప్పగా ఉంటుందని 'కాన్ఫరెన్సు' అన్నారు. ఆయనకు బీ1 రాసి, ఆ కాన్ఫరెన్సుకు సరిపడా రోజులే ఇచ్చారు.

ప్రశ్న: ఒకే విమానంలో, ఒకే కౌంటర్లో నిలబడ్డాం. నాకు ఆరు నెలలు, మావారికి నాలుగు నెలల చిల్లర వచ్చింది. ఆయనేమీ తప్పు మాట్లాడలేదు. ఎందుకిలా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

ముందు మీవారి పాస్‌పోర్టు ఎప్పటితో ముగుస్తుందో చూడండి. తొంభై పాళ్లు జవాబు అక్కడే ఉంటుంది.

పాస్‌పోర్టు గడువు దాటి ఉండనివ్వడానికి ఆఫీసర్లు వెనకాడతారు. నిజానికి భారత పాస్‌పోర్టు గడువు ముగిశాక ఇంకో ఆరు నెలలు చెల్లుతుందని లెక్కవేసుకునే ఏర్పాటు ఒకటి రెండు దేశాల మధ్య ఉంది. అలాంటి దేశాల జాబితాలో మనదీ ఒకటి. అయినా కౌంటర్లో అందరూ ఆ జాబితా తిరగేయరు. పాస్‌పోర్టుమీద ఆఖరు తేదీ చూసి అదే కొట్టేసేవాళ్లు ఉంటారు.

ఇప్పుడు మీకు మూడు దారులు. రికార్డులో పొరపాటు పడిందనిపిస్తే, సీబీపీ వారికి 'డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్' అనే ఆఫీసులు ఉన్నాయి, చాలా పెద్ద ఊళ్లలో ఉంటాయి. అక్కడ అడగొచ్చు. పొరపాటు కాదంటే, అక్కడి మన కాన్సులేట్ ద్వారా కొత్త పాస్‌పోర్టు తీసుకుని, తేదీ ముగియకముందే పొడిగింపుకు దరఖాస్తు పెట్టాలి. కొత్త పాస్‌పోర్టు రాగానే తేదీ దానంతటది పెరగదు, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. మూడోది, అన్నిటికన్నా తేలికైనది, ఇద్దరూ ఆయన తేదీకే వచ్చేయడం. మీవారిని ఒంటరిగా పంపి, ఇంట్లో పప్పు కుక్కరు ఎన్ని కూతలకు దింపాలో వాట్సాప్‌లో చెప్పడంకన్నా అదే సుఖం.

వెళ్లబోయేవాళ్లకు ఒక మాట: పాస్‌పోర్టుకు ఏడాదిలోపు గడువు ఉంటే టికెట్ కొనకముందే రెన్యువల్ చేయించుకోండి. పాత పాస్‌పోర్టులో వీసా ఉంటే భయం లేదు, పాతదీ కొత్తదీ రెండూ పట్టుకెళ్తే సరిపోతుంది. పాతదాన్ని పారేయకండి, అంతే.

ప్రశ్న: మా అమ్మాయికి నవంబరులో డెలివరీ. పురుడు పోయడానికి వెళ్తున్నాను. 'బేబీ కేర్ కోసం వచ్చానని పొరపాటున కూడా అనకు, చూడ్డానికి వచ్చానని చెప్పు' అని అందరూ భయపెడుతున్నారు. మనవణ్ణి ఎత్తుకోవడం కూడా నేరమేనా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

చెల్లెమ్మా, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నన్ను బాగా కదిలించింది నీదే, అందుకే కాస్త ఎక్కువ రాస్తాను.

మనవణ్ణి ఎత్తుకోవడం నేరం కాదు. ఎత్తుకోకపోతేనే నేరం. కానీ ఆఫీసరు వైపునుంచి ఒకసారి చూడు. అక్కడ పసిపిల్లల్ని డేకేర్‌లో పెట్టడమంటే నెలకు పెద్ద ఖర్చు. ఆ ఖర్చు తప్పించుకోవడానికి ఊరునుంచి మనిషిని తెప్పించుకుంటున్నారా అన్నది ఆయన అనుమానం. టూరిస్టు వీసామీద ఉద్యోగం చేయకూడదు. జీతం లేకపోయినా, జీతమిచ్చి పెట్టుకోవాల్సిన మనిషి స్థానంలో నిన్ను తెచ్చారని ఆయనకు తోస్తే కథ మారిపోతుంది. 'బేబీ సిటింగ్' అన్న మాట మనకు ప్రేమగా వినిపిస్తుంది, ఆయన చెవికి అదొక ఉద్యోగం పేరు.

పైగా మన ఇళ్లలో రిలే పరుగు ఒకటి ఉంది, వాళ్లకూ తెలియంది కాదు. పిల్లవాడు పుట్టగానే అమ్మాయి తరఫువాళ్లు ఆరు నెలలు, వాళ్లు విమానం ఎక్కిన వారానికి అబ్బాయి తరఫువాళ్లు ఆరు నెలలు. పిల్లవాడికి ఏడాది నిండేసరికి మళ్లీ మొదటి జట్టు తయారు. మా ఎదురింటి ఆవిడ మూడేళ్లలో నాలుగుసార్లు వెళ్లింది. నాలుగోసారి పక్కగదిలోకి తీసుకెళ్లి రెండు గంటలు కూర్చోబెట్టారు. ఆఖరికి వదిలారు గానీ, ఆవిడ బీపీ వారం దాకా దిగలేదు.

మరైతే ఏం చెప్పాలి? ఉన్నదే చెప్పు. 'మా అమ్మాయికి కాన్పు. మొదటిది. ఆ సమయంలో తన దగ్గర ఉండటానికి, మనవణ్ణి చూసుకోవడానికి వచ్చాను. ఫలానా తేదీకి వెళ్లిపోతాను.' ఇందులో ఒక్క అబద్ధం లేదు. తల్లి కూతురి కాన్పుకు వెళ్లడం ఏ దేశపు ఆఫీసరుకైనా అర్థమవుతుంది. నిన్ను భయపెట్టినవాళ్ల సలహాలో తప్పేమిటంటే, 'చూడ్డానికి వచ్చాను' అని పాఠం అప్పజెప్పమంటున్నారు. 'ఏం చూస్తారు?' అని ఆయన అడిగితే? 'నయాగరా' అంటావు. నవంబరులో, నిండు చూలాలైన కూతురితో, నయాగరా! వీసా ఫారంలో ఏం రాశావో కూడా వాళ్లు చూడగలరు. అక్కడ ఒకటీ ఇక్కడ ఒకటీ చెబితే, అసలు విషయంకన్నా ఆ తేడాయే ప్రమాదం. అబద్ధమని తేలితే వెంటనే వెనక్కి పంపేసే అధికారం ఉంది. అలా ఉత్తర్వు ఇచ్చి పంపితే ఐదేళ్లపాటు మళ్లీ రానివ్వరు.

ఫోన్ కూడా అడిగి చూడొచ్చు వాళ్లు. 'అత్తయ్య రాగానే డేకేర్ మాన్పించేద్దాం' అన్న మెసేజ్ ఫ్యామిలీ గ్రూపులో ఉంటే, నువ్వు కౌంటర్లో ఎంత చక్కగా మాట్లాడినా ఏం లాభం? డిలీట్ చేయమని చెప్పడం లేదు. అసలు అలాంటి ఏర్పాటే పెట్టుకోవద్దని చెప్పమను అల్లుడికి. నువ్వు వెళ్లేది కూతురికి తల్లిగా. పథ్యం వండిపెట్టు, పిల్లవాడికి నూనె రాసి నీళ్లు పోయి, రాత్రిళ్లు ఎత్తుకో. వాళ్లు ఆఫీసులకు వెళ్లడానికి నువ్వే ఏకైక ఆధారం అన్న పరిస్థితి రానివ్వకు.

ప్రశ్న: పోయిన ఏడాది ఆరు నెలలు ఉండి ఫిబ్రవరిలో వచ్చాం. మళ్లీ జూన్‌లో వెళ్లాలి. ఏడాదికి 180 రోజులే అని రూలు ఉందట కదా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

అమెరికాకు అలాంటి రోజుల లెక్క రాసిపెట్టి లేదు. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో చెబుతాను. యూరప్‌లో షెంజెన్ దేశాలకు 180 రోజుల్లో 90 రోజులు అని ఉంది. అది నిజంగా లెక్కల టీచరుకు పండగే: మీరు అక్కడున్న ప్రతి రోజూ, ఆ రోజునుంచి వెనక్కి 180 రోజులు లెక్కబెట్టి, అందులో మీరున్న రోజులు 90 దాటలేదని చూసుకోవాలి. క్యాలెండరు కూడా మీతోపాటు నడుస్తూ ఉంటుంది. అక్కడ ఆఫీసరు ఇష్టంతో పనిలేదు, వీసామీదే ఎన్ని రోజులో అంకె వేసి ఉంటుంది. కెనడాలో ఇంకో పద్ధతి. ఆఫీసరు వేరే తేదీ రాయకపోతే దిగిన రోజునుంచి ఆరు నెలలు. అక్కడ పిల్లలు పౌరులో పర్మనెంట్ రెసిడెంట్లో అయితే తల్లిదండ్రులకు సూపర్ వీసా ఉంది, 2022 జులై నుంచి ఒక్కో విడతకు ఐదేళ్ల దాకా ఉండనిస్తున్నారు.

మీ సంగతికి వస్తే, రూలు లేదంటే ఇబ్బంది లేదని కాదు. ఆయన తెరమీద మీరు ఎప్పుడు వచ్చారో, ఎప్పుడు వెళ్లారో అన్నీ కనిపిస్తాయి. ఆరు నెలలు ఉండి, నాలుగు నెలలు ఊళ్లో ఉండి, మళ్లీ వచ్చారంటే, 'వీళ్లు ఉండేది ఎక్కడ, చుట్టపుచూపుగా వెళ్లేది ఎక్కడ?' అన్న ప్రశ్న ఎవరికైనా వస్తుంది. అక్కడ గడిపినదానికన్నా ఇక్కడ ఎక్కువ కాలం గడిపి వెళ్లడం నేను పెట్టుకున్న పద్ధతి. జూన్‌లోనే తప్పదంటే, ఎందుకు తప్పదో ఒక్క వాక్యంలో చెప్పగలగాలి: గృహప్రవేశం, మనవరాలి గ్రాడ్యుయేషన్, ఏదైనా. ఈసారి తక్కువ రోజులకు టికెట్ కొనండి.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. నాన్నగారికి ఇక్కడ ఉండగా గుండెకు స్టెంట్ వేశారు. ఐ-94 ఇంకో నాలుగు వారాల్లో ముగుస్తుంది. ఇప్పుడే ప్రయాణం వద్దంటున్నారు డాక్టర్లు. ఏం చేయాలి?

బాబూ, నాన్నగారు కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఈ పత్రిక నీ చేతికి వచ్చేదాకా ఆగకుండా నీకు విడిగా రాశాను. మిగతావాళ్ల కోసం ఇక్కడా చెబుతున్నాను.

ఒకసారి లోపలికి వచ్చాక ఎయిర్‌పోర్టు ఆఫీసరు పని అయిపోయినట్టే. పొడిగింపు ఇచ్చేది యూఎస్‌సీఐఎస్ అనే వేరే శాఖ. ఐ-539 ఫారం పెట్టాలి. గడువుకు 45 రోజుల ముందే పెట్టమంటారు. కానీ నీలాంటి పరిస్థితిలో ముఖ్యమైంది, గడువు ముగిసేలోపు వాళ్లకు చేరడం. 2024 ఏప్రిల్‌లో రుసుము ఆన్‌లైన్‌లో అయితే 420 డాలర్లు, కాయితంమీద అయితే 470 డాలర్లు చేశారు. పంపేముందు తాజా అంకె చూసుకో. డాక్టరు ఉత్తరం, ఆసుపత్రి బిల్లులు ఎవరు కడుతున్నారో రుజువు, ఇండియాలో ఇల్లూ పెన్షనూ ఉన్నట్టు కాయితాలు, ఏ తేదీకి వెళ్తారో చెప్పే ఉత్తరం జతచెయ్యి. ఒక్కసారికి ఆరు నెలలకు మించి పొడిగించరు. వేళకు పెట్టిన దరఖాస్తు తేలేదాకా ఆయన ఉన్న రోజుల్ని అక్రమ నివాసం కింద లెక్కవేయరు. ఆ రసీదు జాగ్రత్త.

దరఖాస్తు పెట్టకుండా 'ఆరోగ్యం బాలేదు కదా, అర్థం చేసుకుంటారులే' అని ఊరుకోవడం మాత్రం వద్దు. ఒక్క రోజు ఎక్కువున్నా ఆ పదేళ్ల వీసా రద్దయిపోతుంది. 180 రోజులు దాటాక బయటికి వెళ్తే మూడేళ్లు, ఏడాది లేదా అంతకన్నా ఎక్కువైతే పదేళ్లు తిరిగి రానివ్వరు. కారణం ఎంత మంచిదైనా, ఆ కారణం కాయితంమీద పడి, వేళకు వాళ్లకు చేరి ఉండాలి.

ప్రశ్న: ఐదో నెలలో కెనడా వైపు వెళ్లి రెండు రోజుల్లో వచ్చేస్తే మళ్లీ కొత్తగా ఆరు నెలలు వస్తాయని మా వియ్యంకుడు అంటున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

మీ వియ్యంకుడు తెలివైనవాడే గానీ, ఆ తెలివి వాళ్లు ఎప్పుడో చూసేశారు. కెనడాకో మెక్సికోకో 30 రోజుల్లోపు వెళ్లొస్తే మామూలుగా పాత తేదీతోనే లోపలికి రానిస్తారు. పైగా కెనడా వీసా విడిగా తీసుకోవాలి. నయాగరాను అటువైపునుంచి చూడాలని ఉంటే తప్పక వెళ్లండి, జలపాతం అటునుంచే బాగుంటుంది. నెలల కోసం మాత్రం వెళ్లకండి.

ప్రశ్న: నాకు డెబ్భై రెండు, మా ఆవిడకు అరవై ఎనిమిది. ఇద్దరికీ ఇంగ్లీషు రాదు. ఆఫీసరు అడిగింది అర్థంకాక తలూపితే నెలలు తగ్గించేస్తారేమోనని భయం. అబూదాబీలోనే అడుగుతారని కూడా విన్నాం.
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

అబూదాబీ మాట నిజం. 2014 జనవరి నుంచి అక్కడ అమెరికా ఇమ్మిగ్రేషన్ కౌంటర్లు ఉన్నాయి. ఆ దారిన వెళ్తే అన్నీ అక్కడే అయిపోతాయి, అమెరికాలో దిగాక హైదరాబాద్‌నుంచి వైజాగ్ వచ్చిన మనిషిలా పెట్టె తీసుకుని బయటికి వచ్చేయడమే. 2019లో మేము అలాగే వెళ్లాం. నాకైతే అదే నచ్చింది. కానీ రెండు విమానాల మధ్య కనీసం మూడు గంటల వ్యవధి ఉండేలా టికెట్ తీసుకోండి, లైను పెద్దది.

ఇంగ్లీషు రాకపోవడం తప్పు కాదు, దానికి నెలలు తగ్గించరు. అర్థంకాకుండా తలూపడమే తప్పు. 'ఇక్కడే ఉండిపోతారా?' అని ఆయన అడిగితే మీరు నవ్వుతూ తలూపారనుకోండి! అర్థం కాకపోతే 'తెలుగు, తెలుగు' అనండి. ఫోన్‌లో దుబాసీని కలుపుతారు, లేదా లైన్లో ఉన్న మనవాళ్లనో విమాన సిబ్బందినో పిలుస్తారు. 2023లో నేనే అలా ఒక గోదావరి జిల్లా పెద్దాయనకు దుబాసీగా నిలబడ్డాను. 'ఎంత డబ్బు తెచ్చారు?' అని ఆఫీసరు అడిగితే ఆయన, "మా వోడు ఉండగా నాకు డబ్బెందుకండీ!" అన్నాడు. నేను దాన్ని 'తక్కువే తెచ్చారు, ఖర్చంతా కొడుకుది' అని చెప్పాను. ఆఫీసరు నవ్వి, వేలిముద్రలు తీసుకుని, ఆరు నెలలు ఇచ్చాడు.

మామూలుగా అడిగేవి నాలుగైదే: ఎవరింటికి, ఆయన ఏం చేస్తాడు, ఎన్నాళ్లు, ఇంతకుముందు వచ్చారా, డబ్బెంత. ఇద్దరూ ఒకే కౌంటర్‌కు కలిసి వెళ్లండి, భార్యాభర్తల్ని రానిస్తారు. ఒక కాయితంమీద ఇంగ్లీషులో అబ్బాయి పేరు, చిరునామా, ఫోన్ నంబరు, వీసా వివరం, తిరుగు ప్రయాణం తేదీ రాయించుకుని చొక్కా జేబులో పెట్టుకోండి. ఫోన్‌లో ఉందిలే అనుకోకండి, అక్కడికి చేరేసరికి దాని చార్జింగ్ అయిపోయి ఉంటుంది.

ప్రశ్న: పెట్టెలో కరివేపాకు దొరికితే ఉండే గడువు తగ్గిస్తారా?
– ఒక పాఠకురాలు, గుడివాడ

గడువు తగ్గించరు, కరివేపాకు లాక్కుంటారు. అది నిమ్మ, నారింజల కుటుంబం చెట్టు. వాటిని ఎండబెట్టేసే తెగులును మోసుకొచ్చే పురుగు ఆ ఆకుమీద వస్తుందని పచ్చి కరివేపాకును రానివ్వరు. తిండి సామాను ఏముందో అడిగినప్పుడు దాచకుండా చెప్పండి. దాచితే జరిమానా. ఆవకాయ నేను ఐదుసార్లూ పట్టుకెళ్లాను, ఎవరూ ఆపలేదు. మూత చుట్టూ టేపు మూడు వరసలు వేయండి. 2012లో నేను రెండే వేశాను, మావారి తెల్ల లాల్చీలు ఇప్పటికీ సాక్ష్యం.